తడిపిన తూకం

చెయ్యి ఇయ్యనంటే ఇయ్యను గౌతమమ్మా! ఆ సూది తట్టలోనే పెట్టు. ముందు తూకం సంగతి తేల్చు.

నవ్వద్దు. పోయిన మంగళారం నీ మిషన్ పక్కన పండుకునే ముందర ఆ మూల తూకం ఎక్కినా. యాభై ఒకటిన్నర కిలో. గంటసేపు ఈ చేతిలోనుంచి నెత్తురు లాగినావు, ఆ గొట్టంలో తిప్పినావు, ఆ చేతిలోకి ఎక్కిచ్చినావు. లేసి మళ్లా ఎక్కినా. యాభై ఒక కిలో ఏడు నూర్ల గ్రాములు! గుక్కెడు నీళ్లు కూడా తాగల్యా. ఎట్ల పెరిగినా?

ఏందీ? ఉప్పునీళ్లా? మిషన్లో మిగిలిన నెత్తురును ఉప్పునీళ్లతో తోసినావా? చూసినావా, నీ నోటితోనే వచ్చె! నీళ్లు కలిపినారంటే ఏందో తీసినారనే గదా. ఎవురికి చెప్తాండావు తల్లీ? నేను ధర్మవరం ఈశ్వరప్పను. ముప్పై ఏండ్లు మగ్గం గుంతలో కూచున్నోన్ని.

మా తావ ఎట్ల జరుగుతాదో తెల్సా? షావుకారు పట్టు తూకమేసి ఇస్తాడు. చీర నేసినాక మళ్లా తూకమేసి తీసుకుంటాడు. ఇచ్చినంత రావల్ల. నేనూ అట్లనే చూసినా. తప్పా?

ఆ, చెప్పినాడు మీ పెద్ద డాక్టరు, బొమ్మ గీసి మరీ. ఒంటికి కావిలుండాల్సిన తెల్లకణాలు నా పేగు మీదనే పడి కొరుకుతాండాయంట. ఇంటి కుక్క ఇంటోళ్లనే కరిచినట్ల. వాటిల్లో కొన్ని ఆ గొట్టంలోని పూసలకు అతుక్కుంటాయంట, మిగిలిన నెత్తురు నాకే వస్తాదంట. కంటికి కనపడని దాన్ని పట్టినామంటే ఎట్ల నమ్మల్ల? పోయేటప్పుడూ ఎరుపే, వచ్చేటప్పుడూ ఎరుపే!

కోప్పడద్దమ్మా. నా తిప్పలు నీకేం తెల్సు? దినానికి పదిసార్లు దొడ్డికి, పోయినప్పుడల్లా నెత్తురే. జానెడు గుడ్డ నేసేలోపల గుంతలోనుంచి లేసి పరిగెత్తల్ల. ఈ మిషన్ పనిచేయకపోతే పెద్దపేగు కోసేసి కడుపుకు దొడ్డి పడే సంచి తగిలిస్తామన్నారు. నేసిన గుడ్డ చుట్టే కర్ర సరిగ్గా ఈడనే, కడుపుకు ఆనుకోని ఉంటాది. సంచి పెట్టుకోని ఎట్ల నేయల్ల? మగ్గం పోతే నాకింకో పని రాదు. భయమైతాది తల్లీ.

ఏమంటివి? ఇప్పుడు ఎన్నిసార్లు పోతాండావనా?

ఆరు. అబద్ధమెందుకు. నెత్తురు కూడా రోంత తగ్గింది.

అయినా అనుమానం పోదు. యాల పోదో చెప్పనా? మా ఇంటిదానికి కూడా చెప్పల్యా. నీళ్లు కలిపి తూకం సరిజేసేది నాకు తెలిసినట్ల ఇంకెవురికీ తెల్దు. చీరకు రెండు తులాల పట్టు తీసి దాచిపెట్టి, చీరను తడిగుడ్డలో చుట్టి షావుకారు తక్కెడలో పెడ్తాంటి. తొమ్మిదేండ్లు! ఎవురూ పట్టల్యా.

ఒకసారి షావుకారు రెండు దినాలు ఊర్లో ల్యాకపాయ. మా కొట్టం చీరలన్నీ ఒకే మూటగా ఆయనింట్లో పెట్టి వస్తిమి, ఆయన తిరిగొచ్చి తూకమేసేలోపల నా చీర ఆరిపాయ. తూకం తగ్గె. ఎవురు నేసిందిరా అంటే, కుళ్లాయప్ప అంటి. వాడూ నేనూ ఒకే కొట్టంలో, పక్కపక్క మగ్గాలు. వాడు మొత్తుకున్యాడు, నాకేం తెల్దు స్వామీ అని. నేను తల వంచుకోని నేస్తానే ఉంటి. ఆ దినమే వాన్ని గుంతలోనుంచి లేపి పంపించిరి. మళ్లా ఊర్లో ఎవురూ వానికి పట్టు ఇయ్యల్యా.

ఇప్పుడు ఆటో తోల్తాండాడు. వారంవారం నన్ను ఈడికి తెచ్చేది ఎవురనుకున్యావు? వాడే. బాడుగ ఇస్తే తీసుకోడు. అదో, బయట బెంచీ మీద నా బువ్వ క్యారేజీ పట్టుకోని కూచున్యాడు. పోయేటప్పుడు అడుగుతాడు, నెత్తురు తగ్గిందా అన్నా అని.

సరే, ఇదో చెయ్యి. గుచ్చు. తూకం అడగన్లే.

ఆగాగు. ఆ తలుపు యాల తెరిచుండాది? వాడు వినల్యా గదా?