తెల్ల పెయింటుకు గుడ్ మార్నింగ్

తళి ఊళ్లో పొద్దు గుంకే వేళ ఉదయ్ కుమార్ తన తండ్రి పాలీహౌస్‌లో గులాబీలు కోస్తున్నాడు. హోసూరులో ఒక చిన్న కంపెనీలో అతనితో కలిసి ఉపగ్రహం తయారుచేసిన దివ్యశ్రీ బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది.

“చచ్చిపోయినదాని గురించి ఇంకేం మాటలు మేడం? ముల్లు గుచ్చుకుంటుంది, ఆ పక్క నిలబడండి.”

“మన ఉపగ్రహం చావలేదు ఉదయ్ గారూ.”

“నెల దినాలు పిలిచినాం. పలికిందా? నా ప్రోగ్రాంలోనే తప్పు. అందుకే కదా ఉద్యోగం ఇడిసిపెట్టి ఈడికొచ్చినాను.”

“మనం పిలిచింది దాన్ని కాదు.”

“మరి దేన్ని?”

“దాన్ని పైకి మోసుకెళ్లిన రాకెట్టు ముక్కని.”

“నెల దినాలా?”

“నెలంతా.”

“ఎవురు చెప్పినారు?”

“ఎండ చెప్పింది. పైన తిరిగేదాని మీద ఎండ పడి మనవైపు కొడుతుంది కదా, ఆ వెలుగుని టెలిస్కోపుతో పట్టి రంగులుగా విడదీశాను. ఒక్కో వస్తువు ఒక్కో రంగుని మింగేస్తుంది. మనదానికి నాలుగు పక్కలా సోలార్ పలకలు. దీని వెలుగులో పలకల జాడే లేదు. ఒట్టి తెల్ల పెయింటు.”

“పెయింటుకా నేను గుడ్ మార్నింగ్ చెప్పింది?”

“రోజూ.”

“ఓనరు సారు సంతాప సభ కూడా పెట్టినారే. బోండాలు...”

“బోండాలు బాగున్నాయి. సరే, దానికి ముందు పోతున్న ఇంకోదాని వెలుగు చూశాను. పలకలున్నాయి. నిన్న డిష్ అటు తిప్పాం.”

“తిప్పితే?”

“పలికింది... గులాబీలు కింద పడేశారు.”

“పడనీండి. ఏమన్నది?”

“పాస్‌వర్డ్ అడిగింది. మీరు పెట్టిందే. మీరేమో ఫోన్ ఎత్తరు. ఇదిగో, డిష్ దగ్గర ఆనంద్ లైన్లో ఉన్నాడు, చెప్పండి.”

“రేపు నేనే వచ్చి కొడతాను.”

“రేపటిదాకా ఆగదు. బ్యాటరీ అయిపోతోంది. పలకల్ని ఎండకి తిప్పుకోమని ఇప్పుడు చెప్పకపోతే నిజంగానే చస్తుంది.”

“అయితే మీరు కొంచెం బయట నిలబడండి.”

“ఎందుకు?”

“ఊరికే.”

“అన్నా, నేను ఆనంద్‌ని. అది మన నెత్తి మీంచి దాటి పోతా ఉంది! స్పీకర్లోనే ఉన్నాం, చెప్పన్నా!”

“ఉన్నామంటే? ఎవురెవురప్పా?”

“అందరం. ఓనరు సారు కూడా.”

“సారు కూడానా?”

“ఉదయ్ గారూ, తొందరగా!”

“దివ్యశ్రీ.”

“మేడం అనడం మానేశారేంటి? ముందు పాస్‌వర్డ్ చెప్పండి.”

“చెప్పినాను కదా మేడం. అదే.”