ఎర్ర రంగు కొయ్య

1912 వేసవి. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఉక్రెయిన్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఇద్దరు రైతులు, బావా బావమరుదులు, గోధుమ చేను అంచున పాతిన ఒక ఎర్ర రంగు సర్వే కొయ్య దగ్గర నిలబడి ఉన్నారు.

"రైలు సరిగ్గా నా పొలంలోంచే వెళ్తుందట బావా. మంచు కరగ్గానే, ఓట్లకి నిలబడ్డ టగార్ట్ గారి మనుషులొచ్చి ఈ కొయ్యలు వరసగా పాతి వెళ్లారు."

"ఆయన కూడా వచ్చాడా?"

"కారులో వచ్చాడు. మా ఇంట్లో బోర్ష్ సూపు తాగి, పిల్లల్ని పేరుపేరునా పలకరించాడు."

"మొదటిసారి అసెంబ్లీకి నిలబడ్డప్పుడు నడిచొచ్చి బడి కట్టిస్తానన్నాడు. రెండోసారి గుర్రబ్బండిలో వచ్చి మా ఊరికి రైలన్నాడు. ఇప్పుడు కారా?"

"నీకు అందరి మీదా అనుమానమే. నేనైతే రైలు పట్టాలకని ఈ ముక్కలో విత్తనమే వెయ్యలేదు."

"అది సరే, కొయ్య మెడ మీద ఆ గాడి ఏమిట్రా?"

"ఏమో. దేనికో ఒరుసుకుని ఉంటుంది."

"తాడుకి ఒరుసుకుంది. కిందటి ఎన్నికలప్పుడు ఇది మా చేలో ఉండేది. మా తెల్లావుని దీనికే కట్టేవాణ్ణి. ఓట్లు పడ్డ మర్నాడు చూస్తే ఆవు రోడ్డు మీద తిరుగుతోంది, కొయ్య లేదు."

"కొయ్యలన్నీ ఒకేలా ఉంటాయిలే బావా."

"గోరుతో ఆ కొత్త రంగు కాస్త గీకి చూడు."

"ఇదిగో, గీకుతున్నా."

"ఏం కనిపిస్తోంది?"

"తెల్ల వెంట్రుకలు."

"మరి?"

"పీకి పారేస్తాను దీన్ని."

"ఎందుకురా, ఓట్లయ్యేదాకా ఆవుని కట్టుకో. ఆ తర్వాత పక్క ఊరివాళ్లకి కావాలి."