మంచమంత ఎత్తులో కిటికీ

సభకు అధ్యక్షత వహిస్తున్న ఎల్లారెడ్డి ఊరి ‘తోడు ఇల్లు’ కమిటీ అధ్యక్షులు భూంరెడ్డి గారికి, మాచారెడ్డి ఊరు దాటారని చాలాసేపటి నుంచి మనం వింటూనే ఉన్న ముఖ్య అతిథి గారికి, పెద్దలకు, కామారెడ్డి మిత్రులకు, పని మానుకొని ఎల్లారెడ్డి నుంచి ఆటోల్లో వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు ఈ దేవరాజ్ నమస్కారాలు. ముఖ్య అతిథి గారు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండమని ఇప్పుడే నా చెవిలో చెప్పారు. ఇన్నేళ్లూ ‘సార్, జల్ది ముగించుండ్రి’ అన్న మాటే విన్నవాడికి ఇంతకన్నా సన్మానం ఏముంటుంది? (నవ్వులు)

నాకన్నా ముందు మాట్లాడిన వక్తలు ప్రకృతి ప్రేమికుడన్నారు, పర్యావరణ యోధుడన్నారు, మట్టి మనిషన్నారు. వింటూ వింటూ, పాపం ఆ మహానుభావుడు ఎప్పుడు కాలం చేశాడని పక్కనున్న ప్రణీతను అడిగాను. ‘మీ గురించే సార్, కొంచెం నవ్వు మొహం పెట్టండి’ అంది. ప్రణీత మా ఆర్కిటెక్ట్ ఆఫీసులో నా భాగస్వామి. నా మోకాళ్లు పరంజా ఎక్కనివ్వడం లేదు కనుక రేపటి నుంచి ఆఫీసంతా ఆమెదే. ఆఫీసు అంటే పెద్దగా ఊహించుకోకండి, ఎరువుల దుకాణం మీద రెండు గదులు. అక్కడ కూర్చొని నేను చేసిన పని ఒక్కటే, వచ్చినవాళ్లకు అద్దాలు వద్దని చెప్పడం.

‘సార్, హైదరాబాద్‌ల మా బావమరిది ఇంటికి ముందట మొత్తం అద్దాలే ఉన్నయి, మాక్కూడ గట్లనే గావాలె’ అంటారు. ఎండంతా లోపలికి వస్తుందయ్యా అంటే, ‘ఏసీలు పెట్టుకుంటం.’ కరెంటు పోతే? ‘జనరేటర్ పెట్టుకుంటం.’ ఆ చప్పుడుకు నిద్ర పట్టకపోతే? ‘అద్దాలున్నయి గద సార్, చప్పుడు రాదు.’ (నవ్వులు) ఇంత తిరుగులేని తర్కం ముందు నా చదువు ఎన్నిసార్లు ఓడిపోయిందో కామారెడ్డి ప్రధాన రహదారి మీద నడిస్తే మీకే కనిపిస్తుంది.

అటువంటి ఊళ్లో ఉండే మాకు ఎల్లారెడ్డిలో తోడు ఇల్లు కట్టే అవకాశం ఎలా వచ్చిందో చెబుతాను. అదిగో, రెండో వరుసలో తల వంచుకొని కూర్చున్న నర్సు రూత్ గారు దానికి మూలం. పక్షవాతం వచ్చి మంచం పట్టినవాళ్లను పగటిపూట తన ముందు గదిలో ఉంచుకొని, కాళ్లూ చేతులూ కదిలించి, తినిపించి, సాయంత్రం ఇళ్లకు పంపేవారు. వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఆ వేళకు పొలానికో, బీడీలు చేయడానికో పోగలిగేవారు. ముందు గది చాలక పడకగది, అదీ చాలక వంటగది నిండిన తర్వాత ఊళ్లో పెద్దలు కమిటీ వేశారు. భూంరెడ్డి గారు స్థలమిచ్చారు. అది నిజంగా పెద్ద మనసు, అందులో నాకు వేళాకోళం లేదు. (చప్పట్లు)

వేళాకోళం తర్వాతి సంగతిలో ఉంది. కమిటీ మొదటి సమావేశంలో మొదట చర్చించింది శిలాఫలకం. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరి పేరుకు ముందు ‘శ్రీ’, ఎవరికి ‘గౌరవనీయ’. రెండోది ముఖద్వారం మీద కమాను. అది భవనం కన్నా ఎత్తుండాలన్నారు. రోగుల మరుగుదొడ్డి సంగతి రూత్ గారు ఎత్తేసరికి చాయ్ అయిపోయింది, సభ్యులు లేచారు.

ఇక నా సంగతి వినండి. నాకేమో మట్టి గోడల మోజు. తక్కువ కరెంటుతో నడిచే ఇల్లు, చల్లటి ఇల్లు అని బొమ్మలన్నీ గోడ మీద వేసి చూపించాను. బీడీలు చేసే గంగమణి లేచి నిలబడింది. ఆమెను ‘గారు’ అంటే ఆమే నవ్వుతుంది కాబట్టి గంగమణి అనే అంటాను. ఆమె భర్త సాయిలు ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్య ఆటో నడిపేవాడు. పక్షవాతంతో కుడి పక్కా, మాటా రెండూ పోయాయి.

‘సారూ, మట్టి ఇంట్లకెళ్లి బయటవడనీకె నేను ఇన్నేండ్లు బీడీలు జేసిన. మళ్ల మట్టిల్లే అంటరా? గది అంత మంచిదైతె పటేల్లు తమ మట్టిండ్లు ఎందుకు కూలగొట్టుకున్నరు? వానకాలం గోడ ఉబ్బితె అలుకేది మీరా?’

నేను బొమ్మలు చూపించడం ఆపేశాను. ప్రణీత నా వైపు చూడకుండా కిటికీ బయటికి చూసింది. (నవ్వులు) చివరికి కాల్చిన ఇటుకతోనే, రెండు వరుసల మధ్య గాలి ఉండేట్టు గోడలు కట్టాం. ఎండ వేడి దిగకుండా స్లాబులో మట్టి కుండలు బోర్లించి పోశాం. బయటి నుంచి చూస్తే పక్కింటిలాగే ఉంటుంది. గంగమణి వచ్చి గోడ తట్టి చూసి, ‘గిప్పుడు ఇల్లు లెక్క ఉన్నది’ అంది. నాకు తెలిసిన యోగ్యతా పత్రాల్లో అది పెద్దది.

అంతకుముందు గోడలు లేస్తున్నప్పుడే కిటికీల దగ్గర గంగమణి మళ్లీ వచ్చింది. ‘ఏడ బెడ్తున్నరు సారు కిటికి?’ నడుమెత్తున అన్నాను. ‘పండుకున్నోనికి ఏం గనవడ్తది మరి? మా ఆయన పండుకున్న కాడికెళ్లి ఫ్యానే జూస్తుండు. ఆయనకు రోడ్డు గనవడాలె.’

ప్రణీత వెళ్లి సిమెంటు బస్తాల మీద వెల్లకిలా పడుకొని, పక్కకు తల తిప్పి, కళ్లకు ఎదురుగా గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది. కిటికీ అక్కడి నుంచి మొదలైంది. కుక్కలు జొరబడతాయని కమిటీ అభ్యంతరం చెబితే జాలీ పెట్టాం. కుక్కలు ఆగాయి, గాలి వచ్చింది. గాలికి అభ్యంతరం చెప్పే సభ్యుడు ఆ రోజు సెలవులో ఉన్నట్టున్నారు. (నవ్వులు)

ఇల్లు తెరిచాం. వరండాలో ఆడవాళ్లు బీడీలు చేసుకుంటూ, లోపల మంచం మీద ఉన్న తమ మనుషులతో మాట్లాడుతూ ఉండేవారు. అంతా బాగుంది కదా అనుకున్నాను. బాగున్నదాన్ని అలాగే వదిలేస్తే కమిటీ ఎందుకు? ‘అభివృద్ధి’ మొదలైంది. ఎవరో దాత ఏసీలు ఇచ్చారు. ఏసీలు వచ్చాక గాలి బయటికి పోతోందని జాలీలన్నిటికీ అల్యూమినియం చట్రాలు పెట్టి, నల్లటి అద్దాలు బిగించారు. నేను పరుగెత్తుకెళ్తే భూంరెడ్డి గారు, మీకు గుర్తుండే ఉంటుందండీ, నన్ను ప్రేమగా కూర్చోబెట్టి చెప్పారు: ‘దేవరాజ్ గారూ, దాతలు వస్తె సల్లగ కూసోవాలె గదా. ఇది ఆళ్లకు మనమిచ్చే మర్యాద.’

మరి సాయిలుకు రోడ్డు? ‘నల్లద్దంలకెళ్లి గూడ కొద్దిగ కనవడ్తది.’

కోపంతో, ఆ భవనం మీద నా పేరు తీసెయ్యండి అన్నాను. అసలు లేదన్నారు. శిలాఫలకం మీద దాతలకే చోటు చాలలేదట. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు. ఆ సాయంత్రం బస్సులో తిరిగొస్తూ నేను నవ్వలేదు. కట్టిన ఇల్లు ఊపిరి ఆడకుండా నిలబడి ఉంటే, కట్టినవాడికి ఎలా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు.

ఆ మే నెలలో గాలిదుమారం వచ్చింది. స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి, కరెంటు పోయి రాలేదు. కమిటీ కొన్న ఇన్వర్టర్ మాత్రం చక్కగా పనిచేసింది. అది శిలాఫలకం మీది లైట్లకు కలిపి ఉంది. (నవ్వులు) మర్నాడు ఎండ మండుతోంది, లోపల మంచాల మీద ఉన్నవాళ్లు లేచి బయటికి రాలేరు. రూత్ గారు తడిగుడ్డలతో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిరుగుతూ నాకు ఫోన్ చేసి, ‘దేవరాజన్నా, వీళ్లకు ఊపిరాడతలేదు, ఏం జెయ్యాలె’ అన్నారు. నేనూ ప్రణీతా బయలుదేరాం. రోడ్డు మీద పడిన చెట్లు దాటుకుంటూ మేము పోయేసరికి గంగమణి గడ్డపార పట్టుకొని ఉంది. మిగతా ఆడవాళ్లు చట్రాలు పట్టుకున్నారు. అద్దాలు ఒక్కొక్కటీ ఊడదీసి, చీరలు పరిచి వాటి మీద పెడుతున్నారు. ఒకటి మాత్రం పగిలింది.

జాలీలు తెరుచుకున్నాయి. గాలి వచ్చింది. సాయిలు పక్కకు తల తిప్పాడు. అప్పుడే ఒక ఆటో సరిగ్గా దారికి అడ్డంగా ఆగింది. మాట పోయిందనుకున్న సాయిలు ఆ ఆటోవాణ్ని ఉద్దేశించి ఒక మాట అన్నాడు. స్పష్టంగా అన్నాడు. ఈ వేదిక మీద నేను చెప్పలేని మాట. (నవ్వులు) గంగమణి గడ్డపార కింద పడేసి, ఏడుస్తూ, నవ్వుతూ, ‘మల్లొకసారి తిట్టయ్యా’ అని ఆయన గడ్డం పట్టుకుంది.

భూంరెడ్డి గారు వచ్చారు. సహజంగానే మండిపడ్డారు. ‘కమిటీ ఆస్తి పలగ్గొడ్తరా? రేపటిసంది సాయిలుకు ఈడ జాగ లేదు’ అన్నారు. రూత్ గారు తాళంచెవుల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టారు. ‘అయితె నాకు గూడ లేదు పటేలా. అందర్నీ మా ఇంటికే తోల్కపోత.’ ఆయన గుత్తి పట్టుకొని కిటికీ పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. బయట ఎండ, లోపల జాలీ గాలి. నిర్ణయం చెబుతారని అందరం ఎదురుచూస్తున్నాం. చూస్తే ఆయన నిద్రపోయారు. (పెద్దగా నవ్వులు) హాయిగా, గురక పెట్టి. ఎవరూ లేపలేదు. లేచాక మొహం తుడుచుకొని, గుత్తి రూత్ గారికి తిరిగిచ్చి, ‘ఉండనియ్యుండ్రి’ అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ ఇల్లు చూస్తున్నారు. భూంరెడ్డి గారే దగ్గరుండి తిప్పి చూపిస్తారు. ‘కిటికి ఈడ బెట్టాల్నని మేం ముందే అనుకున్నం’ అంటుంటే నా చెవులతో విన్నాను. (నవ్వులు) నొచ్చుకోలేదండీ. ఒక ఇంటిని ఆ ఊరివాళ్లు తమ ఆలోచనే అనుకున్నారంటే ఆర్కిటెక్ట్ పని ముగిసినట్టే.

సాయిలు మొన్న చలికాలంలో పోయాడు. ఆ కిటికీ పక్క మంచంలోనే, రోడ్డు చూస్తూ. గంగమణికి ఇక అక్కడ పని లేదు. అయినా రోజూ వస్తుంది, వరండాలో కూర్చొని బీడీలు చేస్తుంది, పక్క మంచాలవాళ్లకు నీళ్లు తాగిస్తుంది.

ఇక అసలు మాట. నా వెనక ఫ్లెక్సీ చూడండి. బిచ్కుందలో కట్టబోయే రెండో తోడు ఇల్లు అట. పక్కన నా ఫొటో, కింద నిలువెత్తు అద్దాలు. (నవ్వులు) దాన్ని గీసింది నేనూ కాదు, ప్రణీతా కాదు. ఫ్లెక్సీ దుకాణంవాళ్ల దగ్గర ఆ బొమ్మే ఉందట. సన్మానం పొందినవాడి మాట కాదనరన్న ధైర్యంతో అడుగుతున్నాను. బిచ్కుంద ఇల్లు ప్రణీత గీయాలి. గంగమణి కమిటీలో ఉండాలి, ఫొటోలో కాదు, కమిటీలో. అధ్యక్షా, ఏమంటారు?

(భూంరెడ్డి గారు: ‘గిప్పుడే చెప్పాల్నా?’)

(సభలోంచి గంగమణి: ‘మైకు ముంగటనే చెప్పుండ్రి పటేలా, ఇంటికి వోతె యాదికుండది!’ నవ్వులు)

(భూంరెడ్డి గారు: ‘సరే. ఉండనియ్యుండ్రి, ఆమె గూడ ఉండనియ్యుండ్రి.’ చప్పట్లు)

(గంగమణి: ‘బీడీలు అప్పజెప్పే యాళ్లకు మీటింగులు పెట్టొద్దు మరి!’)

విన్నారుగా, సభ్యురాలు అప్పుడే పని మొదలుపెట్టింది. ఈ శాలువాకు, ఈ ఓపికకు, నేను వద్దన్న అద్దాలన్నిటినీ నా మీద కోపం లేకుండా పెట్టుకున్న ఈ ఊరికి, పెట్టిన అద్దాలు తీసిన ఆ చేతులకు నా కృతజ్ఞతలు. గంగమణమ్మా, పైకి రా. ముఖ్య అతిథి గారు ఇంకా దారిలోనే ఉన్నారు గానీ, వేదిక మీద నా కుర్చీ ఖాళీ అవుతోంది, వచ్చి కూర్చో. నేను కింద కూర్చొని వింటాను. సెలవు.