సోఫాల బాబాయి కూర్చున్న కుర్చీ

టీకొట్టు అమ్మాయికి కోట్లిచ్చే టీవీ ఆట నుంచి పిలుపొచ్చింది. జవాబు తెలియనప్పుడు ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చట, సాయంత్రంలోగా పేరు చెప్పాలట. ఆ ముక్క చెవిన పడ్డప్పటి నుంచి సోఫాలు కుట్టే బాబాయికి టీ గొంతు దిగడం లేదు. ఆ పేరు తనదే కావాలి!

"ఆ షోలో కుర్చీ ఉందే, దాని కుషన్ కుట్టింది నేనేనమ్మాయ్," అన్నాడు గ్లాసు పక్కన పెట్టి.

"నిజంగానా బాబాయ్?"

"మరి? కుట్టాక స్ప్రింగు సరిపోయిందో లేదో కూర్చుని చూడాలా వద్దా? కూర్చున్నా. అంతే, లైట్లు వెలిగాయి. నీలం, ఊదా, చెరువు అడుగున కూర్చున్నట్టుందనుకో. ఆట నడిపే ఆయన కోటు సర్దుకుంటూ వచ్చి, మొదటి ప్రశ్న సార్, అన్నాడు. కాదందామంటే నోటినిండా కుషన్‌కి కొట్టే మేకులాయె!"

పక్కనే టీ తాగుతున్న బాబాయి అల్లుడు, ఆటో నడిపేవాడు, కిసుక్కున నవ్వాడు. "మేకులతోనే జవాబు చెప్పావా మామా?"

"తలూపాన్రా. ఊపితే కరెక్టు, ఊపితే కరెక్టు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటర్ దగ్గర ప్రశ్నలైపోయి, అదే నన్ను సందేహాలడగడం మొదలెట్టింది. ఆ చప్పట్ల ఊపుకి కుర్చీ మెల్లగా లేచి కప్పు దాటిపోయింది. కింద ప్రతి కిటికీలో టీవీ, ప్రతి టీవీలో నేను. బట్టలు మడతపెట్టే చేతులు అలాగే ఆగిపోయాయి. చందమామ కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు. అక్కడడిగారు కోట్ల ప్రశ్న. మేకులు ఊసేసి చెప్పా జవాబు! నోట్లు కురిశాయమ్మా, మబ్బులకు చిల్లుపడ్డట్టు!"

"ఆ కోట్లేవి మరి?"

"నీ ఇంటిమీదా పడ్డాయి. నువ్వు మొద్దునిద్రలో ఉన్నావ్."

అమ్మాయి టీ వడపోస్తూ తలెత్తింది. "ఇంతకీ ఆ కోట్ల ప్రశ్న ఏంటి బాబాయ్?"

బాబాయి నోరు తెరిచాడు. లైట్లు గుర్తున్నాయి. గుండెలదరగొట్టే ఆ వాయింపు గుర్తుంది. గెలిచినవాళ్లు మొహం కప్పుకుని ఏడవడం, వాళ్లతోపాటు తనూ కళ్లు తుడుచుకోవడం గుర్తుంది. ఇన్నేళ్లుగా ఆ ఆటను ఇంట్లో టీవీలో ఒక్కరోజూ మానకుండా చూసినా, ఒక్క ప్రశ్న గుర్తులేదు.

"ప్రశ్నలదేముందిలే అమ్మాయ్..."

"ఫోన్‌కి బడిలో పాఠాలు చెప్పే మా పిన్ని పేరిస్తా," అంది అమ్మాయి, అతని గ్లాసులో వేడి టీ పోస్తూ. "నువ్వు నాతో వచ్చి ముందు వరసలో కూర్చో. చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టు. ఎవరేమడిగినా నోరు మాత్రం విప్పకు."