బ్లేజర్ కొలత

ఒక చిన్న దీవి దేశం, యూ టీ పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. 2000 జులై, ఒక మధ్యాహ్నం. ఇంటావిడ కనీజ్ ఫాతిమా. వచ్చినావిడ వసుంధర, ఒలింపిక్ కమిటీ ఆఫీసు ఉద్యోగి.

“అట్ల కింద పెట్టకు అక్కా ఆ సంచి. సోఫా మీద పెట్టు.”

“బ్లేజరే కదమ్మా. నలగదులే.”

“నలుగుతది. హుమాకి నలిగిన బట్టలంటే పడదు.”

“కనీజ్...”

“చాయ్ పెడుత.”

“వద్దు, కూర్చో. సాయంత్రంలోగా ఒలింపిక్ పరుగుకి పేరు పంపాలి. నువ్వు సరేనంటే హుమా పేరు తీసేసి మరియం పేరు పెడతాను. వద్దంటే ఖాళీగా పంపుతాం. ఆ చోటు పోతుంది.”

“ఎట్ల పోతది? వేరే పిల్లలు లేరా?”

“ఎవరున్నారమ్మా? ఇది చిన్న దీవి. పెద్ద దేశాల్లో ఒక్కో పరుగుకి పదిమంది పోటీపడతారు. మనకి అర్హత టైము అందుకున్న అమ్మాయే లేదు. టైము లేకపోయినా ఒక్క ఆడపిల్లని పంపుకోండని ఇలాంటి దేశాలకి చోటిస్తారు. ఆ ఒక్కరూ ఎవరో మా కమిటీ తేల్చాలి. చివర్న వచ్చేదానికి ఇంత హడావుడెందుకని మావాళ్లలో ఒకాయన అన్నాడు. చివర్న రావడానికైనా ఒకరుండాలి కదండీ అన్నాను.”

“నా బిడ్డ చివర్న వచ్చేది కాదు.”

“కాదమ్మా. తెలుసు.”

“ఆ చోటు కోసమే కదా మేమందరం ఇండియా పాస్‌పోర్టులు వాపసిచ్చినం. ఇక్కడి ఎర్ర పాస్‌పోర్టు చేతికొచ్చిన దినం అది ఈ హాల్ల ఎట్ల ఎగిరిందో. కింది ఫ్లాటు చీనామె పైకొచ్చి కొట్లాట పెట్టుకున్నది. అట్లాంటి పిల్ల, ఒక దోమ కుడితే పోతదా అక్కా? డెంగీకి పోతదా?”

“మీ ఆయన తాహెర్ ఏమంటున్నాడు?”

“ఏమంటడు? ఆఫీసులనే పండుకుంటుండు. కొత్త డాట్‌కామ్ అంట, ఎల్లుండి సైటు తెరుస్తరంట. ఆ ఎల్లుండి వస్తలేదు. ఇంటికి రావాలంటే ఆయనకి భయం.”

“భయం దేనికి?”

“చాయ్ల అల్లం వెయ్యాల్నా?”

“కనీజ్, నా మాట విను. హుమా కోచ్ ఇబ్రాహీం కమిటీకి వచ్చి, ఆ చోటు పోనివ్వొద్దని పట్టుబట్టాడు. పొద్దున్నే స్టేడియంలో ఒకమ్మాయి పరిగెడుతోందట. నాలుగో లేన్లో. ఈయన గేటు తాళం తీసేసరికే లోపల ఉంటోందట.”

“మరియం.”

“నేనూ అదే అనుకున్నాను.”

“హుమా నలభయ్యో దినం ఫాతిహా చదివించిన తెల్లారి సంది పంపుతున్న. ఐదుకి లేపుత. అక్క ఉరికిన కాడ ఖాళీ ఉండొద్దు.”

“దానికి ఆయాసం కదమ్మా?”

“తగ్గింది.”

“ఆయన వాచీ పట్టి చూశాడట. హుమా టైమే. కాలు పడే తీరు అదే, మలుపు దగ్గర ఒరిగే తీరు అదేనట. పిలిస్తే మాత్రం తిరిగి చూడదట. సిగ్గనుకున్నాడు.”

“ఒక్క కడుపుల పుట్టినోళ్లు. కాలు కలవదా?”

“సరే. ఇంకొక్క సంగతి. జట్టు బ్లేజర్ల కొలతలప్పుడు మా ఆఫీసులో కొత్తమ్మాయి పాత పేర్లు పట్టుకుని ఫోన్లు చేసేసింది. నీకూ చేసింది, హుమాని పంపమని. నాకు నిన్ననే తెలిసింది. ఏమీ అనుకోకమ్మా.”

“ఏమనుకుంట? సరే అన్న.”

“ఎందుకన్నావు?”

“శనివారం హుమాని పంపుతరా ఆంటీ, అని అడిగింది. ఎంత మంచిగ అడిగిందో. అందరు వస్తరు, పోతరు, దాని పేరు మాత్రం తియ్యరు. ఆ పిల్ల తీసింది. పంపుత అన్న. మరియంని పంపిన. తంజోంగ్ పగార్ స్టేషన్ల దిగు, టైలర్ అడిగితే హుమా అని చెప్పు అన్న.”

“అందుకా కాలరు లోపల హుమా అని కుట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదట. చేతులు చాపి నిలబడిందట. భుజాలు కొలుస్తుంటే ఒళ్లు చల్లగా తగిలి, పిల్లకి చలేస్తోందని ఏసీ కట్టేశాడట.”

“చెమట మీద పోయి ఉంటది.”

“అమ్మీ, గేట్ తియ్! కీ మర్చిపోయిన.”

“వచ్చింది. రా మరియం. ఆంటీకి సలాం చెయ్యి.”

“సలాం ఆంటీ. ఏంది ఇది? అక్క బ్లేజరా?”

“ఇంక నీదే బేటా. తొడుగు.”

“వద్దు అమ్మీ. ప్లీజ్.”

“తొడుగు అంటున్న.”

“చూడు మరి. చేతులు కనిపిస్తలేవు. టూ బిగ్.”

“భుజాలు జారిపోతున్నాయే. కనీజ్, ఇది పిల్లని కొలిచి కుట్టిందే కదా?”

“సన్నబడ్డది. ఉరికి ఉరికి.”

“ఇంతలోనే ఇంతా? మరియం, టైలర్ దగ్గర కొలతలిచ్చింది నువ్వే కదమ్మా? చెప్పు. అమ్మ ఏమీ అనదు.”

“నేను పోలే ఆంటీ.”

“పోయినవ్! నేనే ట్రైన్ ఎక్కించిన.”

“ఎక్కిన అమ్మీ. రాఫిల్స్ కాడ ట్రైన్ మారాలె కదా, మారలే. హుమా అని చెప్పాలంటే భయమైంది. ఆఖరి స్టేషన్ మరీనా బే దాక పోయి అదే ట్రైన్‌ల వాపసొచ్చిన. సారీ.”

“మరి అక్కడ నిలబడింది ఎవరే?”

“నాకెట్ల తెలుసు ఆంటీ?”

“పోనీ, పొద్దున స్టేడియంలో?”

“స్టేడియమా? నేను బస్సు కోసం ఉరికితేనే ఇన్‌హేలర్ తియ్యాలె. కింద వాయిడ్ డెక్‌ల, ఆ స్తంభాల నడుమ ఖాళీ జాగల, బెంచి మీద కూసుంట. తెల్లారినంక టాయిలెట్ల ముఖం, జుట్టు తడుపుకొని పైకొస్త. అమ్మీ చెమట అనుకోవాలని.”

“అబద్ధం! రోజు షూస్ తడిసి వస్తున్నయి. గడ్డి పోచలు నేనే ఏరుతున్న. నేనే ఎండబెడుతున్న.”

“ఏ షూస్?”

“అక్కవి. రన్నింగువి.”

“అమ్మీ, అవి నేను ముట్టనే ముట్టలే. స్లిప్పర్ల మీద పోత రోజు. ప్రామిస్.”

“కనీజ్. ఇటు చూడు. కూర్చో. మరియం, అమ్మకి నీళ్లు తీసుకురా. ఆ బ్లేజర్ విప్పి అక్కడ పెట్టు తల్లీ. పోనీలే కనీజ్, ఖాళీగానే పంపుతాను. నిన్నెవరూ ఏమీ అనరు. ఆఫీసుకి ఫోన్ చేసి హుమా పేరు కొట్టేయమంటాను. ఫోను ఎక్కడ?”

“అక్కా.”

“చెప్పమ్మా.”

“కొట్టెయ్యకు. అది ఇంకా ఉరుకుతున్నది.”