పడుగు పరిచిన బస్ స్టాపు

మంగళగిరి చేనేత కాలనీలో నాగవేణి ఇల్లు, ఆదివారం పొద్దున. విజయవాడలో బస్సుల ప్రాజెక్టు ఆఫీసులో పనిచేసే తమ్ముడు కిరణ్‌కుమార్ వచ్చాడు. తల్లి చౌడేశ్వరమ్మ ఓ మూల రాట్నం మీద కండెలు చుడుతోంది.

"మళ్ళీ మొదట్నించీ చెప్పక్కా. రేపు గ్రాంటు పని చూడ్డానికొచ్చే ఢిల్లీ ఆయన కారు దిగుతాడు. మీకేం కావాలమ్మా అంటాడు. నువ్వేమంటావు?"

"బస్ షెల్టరు ఇంకాస్త పొడుగు కావాలంటాను."

"ముందు బస్సు కావాలను."

"ఈ చివర్నించి ఆ చివరిదాకా రేకులు వెయ్యమంటాను. పక్కన ఒక కుళాయి."

"బస్ స్టాపులో కుళాయేంటక్కా?"

"జనానికి దాహం వెయ్యదా? ఇడ్లీ తిను, చల్లారిపోతోంది."

"పడుగు దారానికి గంజి కలుపుకోడానికని నాకు తెలీదా. అది సరే, ఇందాకట్నించీ బస్సన్న మాట నీ నోట రావట్లేదు."

"షెల్టరు కట్టి ఏడాది దాటింది. మీ బస్సు రోడ్డు మీదికే రాలేదు, నా నోట్లోకి రావాలా?"

"అందుకే కదా ఈ తిప్పలు. కట్టగా మిగిలిన గ్రాంటు డబ్బు వెనక్కి పంపించెయ్యమంటున్నారు. ఇక్కడ జనం బస్సు కోసం ఎదురుచూస్తున్నారని ఆయన కళ్ళారా చూస్తే మనకే వదిలేస్తారు."

"పంపించెయ్యండి. పరాయి సొమ్ము మనకెందుకు?"

"పంపితే మా ఆఫీసు మూసేస్తారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. మర్నాడు నేనొచ్చి నీ పక్కన మగ్గం గుంటలో కూర్చోవాలి."

"నువ్వా? అయితే ఆ డబ్బు పోకూడదురా. నేను నేసిన చీరలకే కొనేవాళ్ళు లేరు, ఇంక నువ్వు నేసినవి ఎవరు కడతారు?"

"నవ్వుకో. రేపు ఒక్కపూట షెల్టర్లో పడుగు పరవకండి, చాలు."

"ఎట్లా కుదురుతుంది? మొన్న వానకి పడుగు తడిసి గంజంతా కారిపోయింది. సగం మీ షెల్టరు కింద ఉంది కాబట్టి ఆ మేరకి బతికింది. ఎంత బాగా కట్టారురా. నున్నటి నేల, పైన నీడ, వచ్చేవాళ్ళు లేరు, పోయేవాళ్ళు లేరు."

"చిక్కంతా అక్కడే. మగ్గానికెక్కే ముందు దారాన్ని బారుగా చాచి గంజి పెడతారని ఆయనకేం తెలుసు? బస్సు రాకుండా తాళ్ళు కట్టారనుకుంటాడు."

"అటూ ఇటూ మనుషులు వరసగా నిలబడతారుగా. క్యూ అని చెప్పు. ఎంత పద్ధతైన ఊరని మెచ్చుకుంటాడు."

"క్యూలో వాళ్ళ చేతుల్లో గంజి కుంచెలెందుకంటే?"

"ఇంగ్లీషులో ఏదో ఒకటి చెప్పు. నాన్న నిన్ను కాలేజీకి పంపింది అందుకేగా."

"సరే, అసలు సంగతి చెప్పు. బస్సు అడగడానికి నీకేంటి భయం?"

"వచ్చేస్తుందని."

"ఏది?"

"బస్సే. ఇంతమందిమి అడిగితే పొరపాటున వచ్చేస్తే? తిన్నగా పడుగు మీదినించే పోతుంది. నీ ఉద్యోగం నిలబడుతుంది, మా మగ్గాలు ఆగిపోతాయి. ఇదేంటయ్యా అంటే అభివృద్ధి అంటారు."

"నీ భయం అదా. అక్కా, ఈ మిగిలిన డబ్బుతో బస్సు తేవడానికి రూలు ఒప్పుకోదు. షెల్టరు పెంచుకోవచ్చు, మా జీతాలిచ్చుకోవచ్చు. బస్సులకి వేరే గ్రాంటు రావాలి."

"అదెప్పుడొస్తుంది?"

"ఇంకా ఎవరూ అడగలేదు."

"అయితే బస్సు రాదు."

"రాదు."

"ఒట్టు?"

"అమ్మ మీద ఒట్టు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ. రేపు పడుగు ఆపేస్తాం. ఆయన కాళ్ళు పట్టుకుని మరీ బస్సు అడుగుతాను. ఎదురింటి తెరేసమ్మ గొంతు పెద్దది, ఆవిణ్ణి ముందు నిలబెడతాను. రేకులు మాత్రం ఆ చివరిదాకా."

"ఆ చివరిదాకా. కుళాయి కూడా. ఇంకొక్కటి, బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంటే ఫొటో బాగుంటుందని మా సారన్నారు."

"ఇంట్లోనే ఉందిగా. అమ్మా, రేపు కాసేపు వెళ్ళి షెల్టర్లో కూర్చుంటావా?"

"నా మీద ఒట్టు పెట్టేటప్పుడు అడగలేదు గానీ, దీనికి అడుగుతున్నారా?"

"అట్లా అనకమ్మా. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఊరికే కూర్చో, నా ఉద్యోగం నిలబడుతుంది."

"కూర్చుంటాలేరా. ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కోలేక కంటి ఆసుపత్రికి పోవడమే మానేశాను. బస్సులో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదని ఊరంతా చెప్పుకుంటుంటే వినడమే గానీ ఎక్కింది లేదు. పొద్దున్నే సంచీ, మంచినీళ్ళ సీసా సర్దుకుని వెళ్తాను."

"అంత సరంజామా ఎందుకమ్మా? ఫొటో తియ్యగానే లేచి వచ్చెయ్యొచ్చు."

"నేనెందుకు లేస్తాను? ఆ ఢిల్లీ ఆయన్ని కూడా పక్కన కూర్చోమంటాను. బస్సొచ్చాకే ఇద్దరం లేస్తాం."