వేపరెమ్మ గాజు

తుడియలూరులో ఒక ఇల్లు. కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి. మేడగది కిటికీకి లోపల కరోనాతో విడిగా ఉన్న తొమ్మిదో నెల గర్భిణి కృత్తిక, బయట మెట్ల మీద ఆమె అత్తగారు, సొంత మేనత్త కూడా అయిన సుందరవల్లి.

“ఈ పొద్దే గాజులు వెయ్యి అత్తా.”

“గదిలో నీ పదిహేడు దినాలు అయిపోనీ కణ్ణు. కడుపుతో ఉండే పిల్లకు గాజులేసే వళైకాప్పు అంటే ఊరికేనా? ఏడు రకాల అన్నం చెయ్యాల, నలుగురు ఆడోళ్ళు రావాల...”

“కరోనా వచ్చిన ఇంటికి ఎవరొస్తారు? నువ్వు చాలు. కిటికీలోంచి చెయ్యి చాపుతా. మొదట వేపరెమ్మ వంచి చేసిన గాజు, దాని మీద రెండు గాజులు. అంతే.”

“అంగళ్ళన్నీ మూసుండాయి. గాజులకు యాడికి పోయేది?”

“గాజులు ఉండాయి. యాడుండాయో నేను చెప్తా.”

“పక్కింటి ఆనందిని రమ్మంటాలే. ఇద్దరు బిడ్డల తల్లి, మంచి చెయ్యి.”

“నీ చెయ్యికేమి?”

“నా చెయ్యికేమి... రసం తాగితివా?”

“తాగితిని. నీ చెయ్యికేమి అత్తా?”

“విడువు గదా! బిడ్డ తన్నుతా ఉండాదా?”

“మామ ఎట్లుండారు?”

“బాగుండారు. నిన్న రెండిడ్లీ తినిరంట.”

“మొన్నా ఇడ్లీ అంటివి.”

“ఆస్పత్రిలో ఇడ్లీ కాక బిర్యానీ పెడతారా?”

“ఒకసారి ఫోన్ ఇయ్యమను. ఒక్క మాట.”

“ఆక్సిజన్ పెట్టుండారు, మాట్లాడకూడదు. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పె గదా. నీకు బీపీ ఎక్కితే బిడ్డకు...”

“నన్ను స్కాన్‌కు కార్లో తోలుకోని పోయింది మామే. ఆడనే ఇద్దరికీ అంటుకొనింది. నావల్లనే గదా?”

“చాలు కణ్ణు, ఆ మాట అనొద్దు! ఎవరివల్లా లేదు. నీ బిడ్డను ఎత్తుకోవాలని ఎంత ఆశగా ఉండె... ఉండారు.”

“అయితే వచ్చి గాజు వెయ్యి.”

“నేను వెయ్యకూడదు!”

“ఎందుకు?”

“ఎందుకంటే... జలుబు చేసుండాది నాకు.”

“దినమూ తలనిండా మల్లెపూలు పెట్టుకోని వచ్చి ఈడ నవ్వుతా నిలబడతావు. ఇదివరకు ఇన్ని పూలు ఎప్పుడన్నా పెడితివా?”

“పూలు పెట్టుకుంటే తప్పా?”

“తప్పులేదు. మెట్లు దిగేటప్పుడు తీసి కొంగులో మూట కట్టుకుంటావు. ఈ కిటికీకి కనిపిస్తాది.”

“కృత్తికా...”

“ఏడువు అత్తా. తొమ్మిది దినాలు నా ముందర ఏడవకుండా ఉంటివి.”

“నీకు... నీకు ఎవరు చెప్పిరి?”

“మామ పోయిన పొద్దే తెలిసె. అవినాశిలో ఉండే చిన్నమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు.”

“అయ్యో తల్లీ! తెలిసి కూడా దినమూ మామ ఎట్లుండారని అడిగితివా?”

“బాగుండారని చెప్పేటప్పుడు నీ మొగం కొంచెం తేటగా ఉండె. చెప్పిన ఆ ఒక్క గడియ నువ్వూ నమ్మినట్టు ఉండె. అందుకని అడుగుతా ఉంటిని.”

“నా గుండె పగిలిపోతాది కణ్ణు...”

“చెయ్యి ఇట్ల ఇయ్యి.”

“వద్దు. ఈ చెయ్యి వద్దు. మొగుణ్ణి పోగొట్టుకున్న చెయ్యి, నీకూ బిడ్డకూ ఏమన్నా అయితే నేను బతకను.”

“రేపు పదోనాడు. నీ గాజులన్నీ పగలగొడతారు. దాంట్లో రెండు ఈ పొద్దే తీసి నాకు వెయ్యి అత్తా.”